మీరు ఏ ఘిమిరేలు?

కీర్తిపుర్,
భదౌ నెల, శనివారం.

తిలా అక్కకి,

జునా దండాలు. ఉత్తరం ఎప్పుడూ ‘ఇక్కడ క్షేమం’ అని మొదలుపెట్టాలని నాన్న నేర్పాడు. ఒంటికి క్షేమమే. ఒళ్ళు మాత్రం మండిపోతోంది.

యూనివర్సిటీ హాస్టల్లో ఆడపిల్లల గదులు నిండిపోయాయి. వచ్చే ఏడు చూద్దామన్నారు. అప్పటిదాకా ధన్‌వీర్ మామ గదిలో సర్దుకుంటున్నాను. గదంటే ఒకటే గది. మామ, అత్త, ఇద్దరు పిల్లలు, కిరసనాయిలు స్టవ్వు, వాటి మధ్య నేను. అత్తకి నెలలు నిండుతున్నాయి. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. కానీ ఆవిడ కాళ్ళు చాపుకోవాలంటే నేను ముడుచుకోవాలి, నేను పుస్తకం తెరవాలంటే పిల్లలు నిద్రపోవాలి. పురుడు వచ్చేలోగా వేరే గది చూసుకోకపోతే చదువు సంచీలో పెట్టుకుని మన ఊరికి పాల్పా బస్సెక్కడమే.

అందుకని ఈ వారమంతా గదుల వేట. నా క్లాసులో సృజనా మహర్జన్ అని ఒకమ్మాయి ఉంది, ఈ ఊరిదే, నాకు సందులు చూపిస్తోంది. గోడల నిండా ‘గది అద్దెకు’ అన్న కాగితాలే. బజారు వెనక సందులో మొదటి ఇంటికి వెళ్ళాం. ఇంటాయన ఏదో ఆఫీసులో గుమాస్తా. గది చూపించాడు, కిటికీ తెరిచి చూపించాడు, మేడమీద బట్టలు ఆరేసుకునే తీగ కూడా చూపించాడు. చదువుకునే ఆడపిల్లలైతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని భార్యతో అన్నాడు. ఆవిడ టీకి నీళ్ళు పెట్టింది. అంతా అయ్యాక ఇంటిపేరు అడిగాడు. బి.క. అన్నాను. ఇక టీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన మొహం ఒక్క క్షణం ఖాళీగా పెట్టి, అంతలోనే నుదురు కొట్టుకున్నాడు. “అరెరె, మతిమరుపు చూడు నానీ, గుల్మీ నుంచి మా మేనల్లుడు వస్తున్నాడు. గది వాడికే అనుకున్నాం” అన్నాడు.

రెండో ఇంట్లోనూ మేనల్లుడే, ఈసారి గోర్ఖా నుంచి. మూడో ఇంట్లో పక్షవాతం వచ్చిన మేనల్లుడు. వైద్యానికి వస్తున్నాడట, మేడ మెట్లెక్కి పై గదిలో ఉంటాడట! మేనల్లుడంటే వీళ్ళకి కాళ్ళు కడిగి దక్షిణ ఇవ్వాల్సినవాడు కదా, వాడికి గది లేదంటే పాపం. కాబట్టి వాడు వస్తున్నాడంటే ఎదుటివాళ్ళు మారు మాట్లాడకూడదు. ఎంత పనికొచ్చే చుట్టమో చూడు. అదే సందులో నాలుగో ఇంటావిడకి పాపం మేనల్లుళ్ళు లేరు కాబోలు, గది నిన్ననే ఇచ్చేశామంది. బయట గోడమీద ఆవిడ కాగితం కింద జిగురు ఇంకా తడి ఆరలేదు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడో చెప్పనా? ‘నువ్వు తక్కువదానివి, రావద్దు’ అని ఒక్కరూ అనరు. అంటరానితనం ఎత్తేశామని చట్టం రాసుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది కదా, పైకి అంటే నేరం. అందుకని అందరూ నవ్వుతూ చుట్టాల్ని పుట్టిస్తారు. విశ్వకర్మ అంటే గుళ్ళో దేవుడి పేరు. దాన్నే బిశ్వకర్మ అని పలికి, కుదించి బి.క. అంటే నల్లా దగ్గర బిందె పక్కకి జరుపుకుంటారు. తిట్టినా బావుండేది అక్కా, తిరిగి తిట్టేదాన్ని. నవ్విన మొహాన్ని ఏం చెయ్యను?

నువ్వెలా నెగ్గుకొచ్చావు? మీ ఇంటావిడకి మన సంగతంతా తెలుసనీ, ఆవిడ మనసు పెద్దదనీ నాన్నకి చెప్పావు కదా. ఆ గుమ్మంలో మొదటి రోజు నువ్వేం మాట్లాడావో రాయి. నేనూ ఆ మాటలే అప్పజెప్తాను.

నీ చెల్లెలు,
జునా


భరత్‌పుర్,
అసోజ్ నెల మొదలు.

మొండిఘటం జునాకి,

ఆశీస్సులు. ఉత్తరం చదివి కాసేపు నవ్వుకున్నాను, కాసేపు తల పట్టుకున్నాను. పక్షవాతం మేనల్లుణ్ణి మా స్టాఫ్ రూములో చెప్పి నవ్వించాలనిపించింది, చెప్పలేదులే.

ముందు గది ఎలా చూడాలో నేర్చుకో. వాన వెలిసిన మర్నాడు వెళ్ళు, ఏ గోడ చెమ్మ పీల్చిందో అప్పుడే తెలుస్తుంది. నల్లా ఎప్పుడొస్తుందో, ఎన్ని బిందెలకి వస్తుందో అడుగు. తలుపు గడియ లోపలి నుంచి పడుతుందో లేదో నీ చేత్తో వేసి చూడు. మరుగుదొడ్డి ఎంతమందికో కనుక్కో. ఇంటాయన మంచివాడా అని చూడకు, వాళ్ళమ్మ ఎలాంటిదో చూడు. ఇంట్లో ఉండేది ఆవిడే. వయసొచ్చిన కొడుకులున్న ఇల్లు వద్దు.

ఇక ఇంటిపేరు. ఎవరు చెప్పమన్నారే నిన్ను బి.క. అని? అది కచేరీలో గుమాస్తా నీ కాగితాల మీద అంటించిన ముక్క. మన వంశం ఘిమిరే. తాతల కాలం నుంచీ ఘిమిరేలమే. కొలిమి దగ్గర కూర్చున్నవాళ్ళం మనం, పంచాంగం దగ్గర కూర్చున్నవాళ్ళు బ్రాహ్మణ ఘిమిరేలు. ఇంటిపేరు అదే, కశ్యప గోత్రమూ అదే. చిన్నప్పుడు నా బడి కాగితాల్లో మన ఊరి హెడ్మాస్టరు ఘిమిరే అనే రాశాడు. ఉన్న పేరు చెప్పడంలో అబద్ధమేముంది? ఘిమిరే అను, నోరు మూసుకో. అంతకంటే ఒక్క అక్షరం చెప్పకు.

అక్కడితో ఊరుకోరు, నాకు తెలుసు. మీరు ఏ ఘిమిరేలు అంటారు. ఉపాధ్యాయులా, జైసీలా అని బ్రాహ్మల్లో పైమెట్టూ కిందమెట్టూ అడుగుతారు. మా నాన్నకి తెలుసండీ అని తలొంచుకో. ఆడపిల్ల తల వంచితే మర్యాద అనుకుంటారు, భయం అనుకోరు. పంది మాంసం, బర్రె మాంసం మాట ఎత్తకు. ఎవరైనా వంటింట్లోకి పిలిస్తే తటపటాయించకు, తటపటాయించేవాళ్ళనే అనుమానిస్తారు.

ఇంకో మంచి మాట. మా ఇంటావిడ, అదే నేను అమ్మ అన్నట్టే ఆమా అని పిలిచే ఆవిడ, నీ అవస్థ విని తన కూతురికి కబురు పెట్టింది. రమలా అని, ఒక్కతే కూతురు, కాపురం మీ కీర్తిపుర్‌లోనే. మేడమీద గది ఖాళీగా ఉందట. బజారు వెనక సందులో నీలం గేటు. వెళ్ళి తిలా ఘిమిరే చెల్లెల్ని అని చెప్పు. ఇంకేమీ అడగదు.

నువ్వు అడిగిన దానికి జవాబేమిటంటే, మంచివాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. చలికాలం రాబోతోంది, ఉన్ని శాలువా పంపుతున్నాను.

అక్క,
తిలా


కీర్తిపుర్,
అసోజ్ నెల, సోమవారం.

అక్కకి,

నీలం గేటు ఇంటికి వెళ్ళొచ్చాను. గది సంగతి ముందు చెప్పనీ. నువ్వు చెప్పినవన్నీ చూశాను. గోడకి చెమ్మ లేదు. గడియ లోపలి నుంచి గట్టిగా పడుతుంది. కిటికీ తీస్తే కింద వరి మడులు, ఆవల యూనివర్సిటీ ఎర్ర ఇటుకల మేడలు. పొద్దుటి ఎండ నేలమీద చాప పరిచినట్టు పడుతుంది. ఆ ఎండలో కూర్చుని చదువుకోవచ్చు. నాకు ఆ గది కావాలి అక్కా. ఎవరి వస్తువూ నేనింతగా కోరుకోలేదు.

రమలా దిదీ మంచి మనిషి. నీ పేరు చెప్పగానే చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళింది. నువ్వు చెప్పావు కదా, తటపటాయించలేదు. పీట మీద కూర్చున్నాను. అన్నం, పప్పు, ముల్లంగి పచ్చడి పెట్టింది. తింటున్నాను, గొంతు దిగుతోంది, ఇంత సులువా అనుకుంటున్నాను. అప్పుడు ఆవిడ నీ గురించి మొదలుపెట్టింది.

“మీ అక్క లేకపోతే మా అమ్మ ఏమైపోయేదో నానీ. వేరేవాళ్ళ చేతి నీళ్ళు తాగదు ఆవిడ. మోకాళ్ళు పడిపోయాక నాన్న తద్దినం వంట ఎవరు చేస్తారని ఏడ్చింది. మన గోత్రం పిల్ల ఇంట్లోనే ఉంటే ఏడుపెందుకని తిలా మడి కట్టుకుని కూర్చుంది. అప్పటినుంచీ నాన్నకి, తాతకి, మామ్మకి అందరికీ తన చేతి పాయసమే” అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అయితే మీ ఆమాకి ఏమీ తెలియదన్నమాట. మనసు పెద్దది, అన్నీ తెలుసు, అయినా కూతురిలా చూస్తుంది అని నువ్వు నాన్నకి చెప్పిందంతా కథ. నాన్న ఆ కథని ఊరంతా చెప్పుకున్నాడు అక్కా! కొలిమి దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ, కాలం మారింది, మా పెద్దదాన్ని బ్రాహ్మణి ఒకావిడ ఇంట్లో పెట్టుకుంది అని చెప్పాడు. ఆ మాట వినే కదా నేను గుమ్మం గుమ్మంలోనూ తలెత్తి బి.క. అన్నాను. ఒకచోట జరిగింది ఇంకోచోట జరగదా అనుకున్నాను.

మూడేళ్ళ కిందట నాన్న నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు బస్టాండులోనే టీ తాగించి తిరుగు బస్సెక్కించావు. గదికి సున్నం వేస్తున్నారన్నావు. నెయ్యి డబ్బా మాత్రం తీసుకున్నావు. ఆ నెయ్యి తద్దినాల్లోకే వెళ్ళిందా? బతికున్న నాన్నకి గుమ్మం లేదు గానీ, వాళ్ళ చచ్చిన పెద్దలకి మన నెయ్యితో పాయసమా? సిగ్గుగా లేదా నీకు?

గది కావాలో వద్దో శనివారంలోగా చెప్పమంది. బయటికొస్తుంటే పక్కిల్లు చూశాను. తడి జిగురు కాగితం ఇల్లు అదే. నేను ఆ సందు సంగతి మొదటి ఉత్తరంలోనే రాశాను, నువ్వు చూసుకోలేదు. ఆవిడ బట్టలు ఆరేస్తూ నన్ను ఆగి మరీ చూసింది.

జునా


భరత్‌పుర్,
అసోజ్ నెల, గురువారం.

జునాకి,

సిగ్గు గురించి నువ్వు నాకు పాఠం చెప్పేదాకా వచ్చిందా? సరే. నేనూ చెప్తాను, విను.

ఈ ఊరొచ్చిన కొత్తలో నేనూ తలెత్తి చెప్పినదాన్నే. ఊరికి అవతలి చివర, అప్పటి నా బడి దగ్గర, నూనె మిల్లు వాళ్ళింట్లో గది. మాకు అలాంటి పట్టింపులు లేవు మాస్టరమ్మా అన్నారు. నెల తిరిగేసరికి నేను మెట్లు దిగిన వెనకాలే చీపురు చప్పుడు వినిపించేది. రోజూ వినిపించేది. నల్లా దగ్గర నా బిందె వంతు చివరికి, చివరి నుంచి ప్రహరీ బయటికి పోయింది. వాళ్ళ ఆవు పాలు తగ్గితే నావైపు చూశారు. వాళ్ళబ్బాయి నా క్లాసులోనే చదివేవాడు. ఒకరోజు దిద్దిన పుస్తకం ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బల్లమీద పెట్టండి మేడం, తీసుకుంటాను అన్నాడు. వాడికి అక్షరాలు నేర్పింది నేను. వాణ్ణి కొట్టలేదు. ఏడుపు కూడా రాలేదు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాను.

తర్వాత ఈ బడికి మారాక ఇక్కడి హెడ్మాస్టరు ఆమా దగ్గరికి తీసుకెళ్ళి ఈవిడ ఘిమిరే మేడం అన్నాడు. మా గోత్రమేనా అని ఆవిడ అడిగింది. కశ్యప అన్నాను. అంతే. నేను అబద్ధం ఆడలేదు. నిజం చెప్పలేదు. ఆ రెండింటికీ మధ్యన ఒక గది ఉంటుంది జునా, నేను ఇన్నేళ్ళూ అందులోనే అద్దెకుంటున్నాను. ఇరుకే. అయినా ఎవరూ నా అడుగులు ఊడవడం లేదు.

టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆమా నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మన అమ్మ పోయాక నా తలకి నూనె పెట్టిన చెయ్యి అదొక్కటే. ఆవిడకి నేనెవరో తెలిస్తే ఆ చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఇది పిరికితనమంటే అను.

నాన్న సంగతి. సున్నం వేస్తున్నారని చెప్పినప్పుడు నా చీర మీద ఒక్క తెల్ల మచ్చ లేదు, చేతికి సున్నం లేదు. ఆయన చూశాడు. ఏమీ అడగలేదు. ఊళ్ళో ఆ కథ చెప్పుకుంటున్నాడంటే నమ్మి కాదు, నా కోసం. నాన్న ఒప్పుకున్న అబద్ధాన్ని నువ్వు పట్టుకుని నన్ను నిలదీస్తున్నావు.

ఆ గది తీసుకో. ఎండ పడుతుందన్నావు, తీసుకుని చదువుకో. మనసొప్పకపోతే మర్యాదగా వద్దని చెప్పు. నిజం మాత్రం చెప్పకు. నీకది ఒక గది. నాకు ఉన్న ఇల్లు అదొక్కటే. దాన్ని కూల్చకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

తిలా


కీర్తిపుర్,
కార్తీక్ నెల.

అక్కకి,

నువ్వు కాళ్ళు పట్టుకుంటానని రాసిన చోట ఉత్తరం మడిచి పెట్టేశాను. మళ్ళీ తెరవలేదు. అలాంటి మాటలు నాకు రాయకు.

గది వద్దన్నాను. ఎలా అన్నానో విని నవ్వుకో. మా మామ ఇంట్లో పక్క గది ఖాళీ అయింది, మేనకోడల్ని పరాయి ఇంట ఉంచితే పాపం అంటున్నాడు అని చెప్పాను. రమలా దిదీ వెంటనే ఒప్పుకుంది. మేనమామ మాట కాదనకూడదు నానీ అని తలూపింది. వీళ్ళ మందు వీళ్ళకే పట్టింది. గేటు దాటాక వెనక్కి తిరిగి ఆ కిటికీ చూశాను. చాలాసేపు చూశాను. నీ మాట విని తీసుకుని ఉంటే ఈపాటికి అందులో చదువుకుంటూ ఉండేదాన్ని, నువ్వు హాయిగా ఉండేదానివి. కానీ ఆ పీట మీద రోజూ కూర్చోవడం నావల్ల కాదు. ప్రతి ముద్దకీ తటపటాయించకూడదని గుర్తు పెట్టుకుంటూ అన్నం తినేది ఎలా?

తర్వాత సృజనా వాళ్ళ ముత్తవ వరస ముసలమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. కొండమీద పాత ఊళ్ళో, ఇటుకల ఇల్లు. పేరు అసమాయా. కిందంతా వెల్లుల్లి గుత్తులు, ఎండు చేపల వాసన. గది కప్పు ఎంత కిందికంటే నిలబడితే తల తగులుతుంది. సృజనా మంచికే అనుకుని నన్ను ‘జునా ఘిమిరే’ అని పరిచయం చేసింది. ముసలమ్మ వెంటనే చెయ్యి అడ్డంగా ఊపింది. “బ్రాహ్మలకి ఇవ్వనమ్మా. పోయినసారి ఒకత్తి దిగింది. నేను తోమిన గిన్నె మళ్ళీ తోముకునేది, నేను సారా కాస్తే ముక్కు మూసుకునేది. నా ఇంట్లో నన్నే మైలదాన్ని చేసింది” అంది.

చూశావా, నీ ఘిమిరే మంత్రం ఇక్కడ ఎదురు తన్నింది. నేను బ్రాహ్మణ్ణి కాదు, బి.క. అన్నాను. ముసలమ్మ అప్పుడు కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఆవిడేమీ పువ్వుల్లో పెట్టి పిలవలేదు. అయితే పైన నా వంటింటి గడప తొక్కకు అంది. ఆవిడకీ కిందమెట్టు ఒకటి కావాలి కదా. ఇంతమంది నవ్వు మొహాలు చూశాక ఆ ముఖాన చెప్పిన మాట నాకు నయమనిపించింది. కనీసం జవాబు చెప్పొచ్చు. “సరే అవ్వా, నేను మీ గడప తొక్కను, మీరూ నా గడప తొక్కకండి. తొక్కితే ఇద్దరం తొక్కుదాం” అన్నాను. సృజనా నా చెయ్యి గిల్లింది. ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. నల్లా వంతు తప్పితే మాత్రం ఊరుకోనంది. దిగిన మర్నాడే ఉప్పు కోసం నా గదిలోకి వచ్చింది. ఒప్పందం గుర్తుచేశాను. ముసలమ్మ గొణుక్కుంటూ పైకి వెళ్ళి, కాసేపటికి పైనుంచే కేకేసింది, అటుకులు పెట్టాను వచ్చి తిని చావు అని.

ఇదంతా నీకు సంతోషంగా రాయాలనుకున్నాను. కానీ అసలు సంగతి వేరే ఉంది.

నిన్న బజార్లో రమలా దిదీ ఎదురైంది. పక్కనే ఆ తడి జిగురు ఇంటావిడ. రమలా దిదీ మొహంలో రక్తం లేదు. “జునా, ఈవిడ ఏదో అంటోంది. నువ్వు వీళ్ళింటికి వచ్చి బి.క. అని చెప్పావట. కాదని చెప్పు” అంది. అక్కా, నేను నోరు విప్పలేదు. నీకోసం. అవును అంటే నీ ఇల్లు పోతుంది. కాదు అనడానికి నా నాలుక తిరగదు. కూరగాయల బుట్టల మధ్య ఊరికే నిలబడ్డాను. ఏ గుమ్మంలోనూ నాకు అంత అవమానం జరగలేదు. అక్కడ వాళ్ళు తలుపు మూశారు. ఇక్కడ నా నోరు నేనే మూసుకున్నాను.

ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదా. భరత్‌పుర్‌లో వాళ్ళమ్మ ఇంటి పక్క మందుల షాపుకి ఫోన్ చేసి ఆవిణ్ణి పిలిపిస్తానని రమలా దిదీ వెళ్ళిపోయింది. ఈ ఉత్తరం ముందు చేరుతుందో ఆ ఫోను ముందు మోగుతుందో తెలియదు. నువ్వేం చెప్పినా నీ పక్కన నిలబడతాను. కాదని చెప్పినా సరే. అది రాయడానికి ఎంత కష్టమైందో నీకు తెలుసు.

జునా


భరత్‌పుర్, బడి.
కార్తీక్ నెల చివర.

జునాకి,

ఫోనే ముందు మోగింది. నీ ఉత్తరం మర్నాడు వచ్చింది. కాబట్టి నేను చెప్పింది నీవల్ల చెప్పాననుకోకు, నెత్తిన వేసుకోకు.

బడిలో మ్యాపులు పెట్టే గదిలో ఉంటున్నాను. హెడ్మాస్టరు ముందు తల గోక్కున్నాడు, తర్వాత తాళంచెవి ఇచ్చాడు. మధ్యాహ్నం పూట నాతో కూర్చుని తినే ఇద్దరు టీచర్లకి ఉన్నట్టుండి ఉపవాసాలు వచ్చాయి. గదులు వెతుకుతున్నాను. ఒకచోట మేనల్లుడు వస్తున్నాడన్నారు. ఏ ఊరి నుంచి, ఏ బస్సుకి అని అడిగాను. నా చెల్లెలి నోరు నాకూ అంటుకుందని తెలిసి ఆశ్చర్యపోయాను. దొరికేదాకా వెతుకుతాను. నేనెవరో చెప్పే దిగుతాను.

ఇప్పుడు ఆ రోజు సంగతి. బడినుంచి వచ్చేసరికి ఆమా వసారాలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి పక్కన కూర్చోమంది. “రమలా ఏదో వాగింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి పనేముంది. అబద్ధమని ఒక్క మాట అను తిలా. నేను నమ్ముతాను. రమలాని నేను తిడతాను” అంది.

మీరు ఏ ఘిమిరేలు అని అడిగి ఉంటే నేను తప్పించుకునేదాన్ని. ఇన్నేళ్ళ అలవాటు. ఆవిడ అది అడగలేదు. అబద్ధమని చెప్పమంది, బతిమాలింది. చెయ్యి కూడా పట్టుకుంది. నేను అబద్ధం ఆడలేదని నీకు గొప్పగా రాశాను చూడు, ఆ మాట ఎదురొచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఊరుకున్నాను, అంతే. ఇప్పుడు ఆడమంటోంది. ఆడితే ఆ చెయ్యి నాకు ఉంటుంది. నాన్న, నువ్వు, చచ్చిపోయిన అమ్మ ఉండరు.

“మేం కమ్మరులం ఆమా. మా నాన్నది కొలిమి” అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నెమ్మదిగా తీసుకుంది, వేడి గిన్నె పట్టుకున్నట్టు కాదు. ఏడ్చింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి బంగారు గాజు తీసి చెంబులో ముంచి, ఆ నీళ్ళు వసారా మీద, చేట మీద, తన తలమీద చల్లుకుంది. నా గది గుమ్మం మీద కూడా చల్లింది. నేను లోపల ఉండగానే. అప్పటిదాకా నాకు ఏడుపు వస్తూ ఉంది జునా. ఆ చుక్కలు మొహమ్మీద పడ్డాక ఆగిపోయింది. ఆ గాజు చేసినవాడెవడు? కంసాలి, వాడూ బి.క.యే, మనవాడే కదా. వాడు ముట్టిన బంగారం ఇల్లంతా శుద్ధి చేస్తుంది. ఆవిడకి జ్వరమొచ్చినప్పుడు ఒళ్ళు తుడిచిన నా చెయ్యి ఇల్లంతా మైలపరుస్తుంది. ఈ లెక్క ఎవరు కట్టారో వాళ్ళని ఒక్కసారి నా క్లాసులో కూర్చోబెట్టాలి. నువ్వు మొదటి ఉత్తరంలో ఒళ్ళు మండుతోందని రాస్తే నేను నవ్వుకున్నాను. ఇప్పుడు మండింది. నీకంటే ఇన్నేళ్ళు ఆలస్యంగా మండింది, అందుకని ఎక్కువగా మండింది.

పెట్టె కడుతుంటే ఆమా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. తిట్టలేదు. భయపడుతోంది. మనిషి సగమైపోయింది.

“నా సంగతి పోనీయవే. గంగలో మునుగుతాను, ఏదో చేస్తాను. మరి తద్దినాలు? ఆయనకీ, మా అత్తమామలకీ ఇన్నేళ్ళూ నీ చేతి వంటే పెట్టించావు కదే నాతో. పైన వాళ్ళ గతేమిటి? అది చెప్పి వెళ్ళు” అంది.

నేను పెట్టె ఎత్తుకున్నాను.

“తిన్నారు కదా ఆమా. ఒక్కళ్ళైనా విస్తరి ముందునుంచి లేచి వెళ్ళారా?”

అక్క,
తిలా